క్రిమినాశినుల ఎంపిక: వాసన నుంచి కొలత దాకా – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: చేతులను, వస్తువులను క్రిమిరహితం చేసే రసాయనాల ఎంపికకు సుమారు రెండున్నర శతాబ్దాల చరిత్ర ఉంది. దుర్వాసన పోతే రోగం పోయినట్లేనన్న నమ్మకంతో మొదలైన ఈ ఎంపిక, ఏ సూక్ష్మజీవి, ఎంత గాఢత, ఎంత సమయం అన్న ప్రశ్నల వైపు ఎలా సాగిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వియన్నా, గ్లాస్గో, బెర్లిన్, లండన్, జెనీవాలలో జరిగిన కృషిని, ప్లేగు, కోవిడ్ కాలాల భారతీయ అనుభవాన్ని ఆధారం చేసుకుని, ఈ విషయంలో తెలుగు పదజాలం మోస్తున్న అస్పష్టతను కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: క్రిమి, క్రిమినాశిని, శానిటైజర్, ఫినాయిల్, సెమ్మెల్‌వైస్, లిస్టర్, కోఖ్, ప్లేగు, పరిభాష.

1. ప్రవేశిక

2020 మార్చి 13న కేంద్ర ప్రభుత్వం మాస్కులతో పాటు హ్యాండ్ శానిటైజర్లను నిత్యావసర వస్తువుల చట్టం పరిధిలోకి తెచ్చింది. అదే నెలలో 200 మిల్లీలీటర్ల సీసా ధర 100 రూపాయలు మించరాదని ఆదేశించింది. అంతకు ముందు ఆసుపత్రుల్లోనూ, ప్రయాణికుల సంచుల్లోనూ మాత్రమే కనిపించిన ఒక ద్రవం బియ్యం, పప్పుల సరసన చేరింది. ధరకు పరిమితి వచ్చింది కాని, కొనేవారి అసలు ప్రశ్నకు సమాధానం రాలేదు. కొట్టులో వరుసగా పేర్చిన సీసాల్లో దేనిని ఎంచుకోవాలి? ఏ ఆధారంతో?

నీలిరంగు, నిమ్మవాసన, చల్లదనం, చుర్రుమనడం, 99.9 అన్న అంకె – ఆ రోజుల్లో చాలామందికి ఇవే ఆధారాలు. వీటిలో చివరిది తప్ప మిగిలినవన్నీ ఇంద్రియాలకు సంబంధించినవి. కంటికి కనిపించని జీవి చచ్చిందో లేదో ముక్కుతో, చర్మంతో తేల్చుకునే ఈ అలవాటు కొత్తది కాదు. క్రిమినాశినుల చరిత్రలో తొలి వంద సంవత్సరాలు దాదాపు పూర్తిగా వాసన మీదనే నడిచాయి. విచిత్రమేమంటే, ఆ తప్పు ఆధారం కొన్ని సందర్భాలలో సరైన మందును చూపించింది. ఆ తరువాత తరం శాస్త్రవేత్తలు వాసనను పక్కన పెట్టి కొలతను నిలబెట్టడానికి చాలా శ్రమించవలసి వచ్చింది. ఆ శ్రమ ఫలితం మన ఇళ్ళ దాకా, మన భాష దాకా ఎంతవరకు చేరిందన్నది ఈ వ్యాసానికి ప్రేరణ.

2. దుర్వాసనే రోగమైన కాలం

పద్దెనిమిదో శతాబ్దపు ఐరోపాలో రోగకారణంగా ప్రబలంగా ఉన్న భావన దూషితవాయువు. కుళ్ళిన పదార్థాల నుంచి, సమాధుల నుంచి, మురుగు నుంచి వెలువడే గాలి మనిషిని రోగగ్రస్తుణ్ణి చేస్తుందని వైద్యులు బోధించేవారు. 1773లో ఫ్రాన్సులోని దిజోన్ నగర ప్రధాన చర్చిలో శవాల దుర్గంధం భరించరానిదైనప్పుడు రసాయనవేత్త గితోన్ ద మోర్వో హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరిని పట్టించాడు. దుర్గంధం తగ్గింది కనుక ప్రమాదమూ తగ్గిందని భావించారు. 1799లో గ్లాస్గోకు చెందిన చార్లెస్ టెన్నంట్ బ్లీచింగ్ పౌడర్‌కు పేటెంటు పొందాడు. ఆయన దృష్టిలో అది బట్టలను తెల్లబరిచే పొడి మాత్రమే. పారిస్‌లో పశువుల పేగులను శుద్ధి చేసే కార్ఖానాల దుర్వాసనను అణచడానికి ఔషధకారుడు లబార్రాక్ 1820 ప్రాంతంలో క్లోరిన్ ద్రావణాలను వాడి చూపాక, ఆ పొడికీ దాని బంధువులకూ రెండో జీవితం మొదలైంది. నేటికీ మన పంచాయతీలు వాననీరు నిలిచిన వీధుల్లో చల్లేది ఆ పొడినే.

మన సమాజంలోని సాంబ్రాణి ధూపం, వేపాకు పొగ, పేడకళ్ళాపి, సున్నం పూత వంటి ఆచారాలను ఈ ఐరోపా ధూమప్రయోగాలతో పోల్చి, మనవాళ్ళకు క్రిములు ముందే తెలుసునని వాదించే వ్యాసాలు కోవిడ్ కాలంలో విరివిగా వచ్చాయి. ఆ వాదంతో ఈ వ్యాసకర్త ఏకీభవించలేడు. సున్నానికి క్షారగుణం వల్ల సూక్ష్మజీవులను చంపే శక్తి నిజంగానే ఉంది. పేడకు అటువంటి శక్తి ఉందనడానికి లేదు. అది స్వయంగా సూక్ష్మజీవుల నిలయం. మడి, మైల, శుచి, అశుచి అన్నవి సామాజిక, ధార్మిక వర్గీకరణలు. వాటిని ప్రయోగశాల పరిభాషలోకి బలవంతంగా అనువదిస్తే రెండింటికీ అన్యాయం జరుగుతుంది.

3. వియన్నా: శవగంధం చూపిన దారి

వియన్నా సార్వజనిక ఆసుపత్రిలో పంతొమ్మిదో శతాబ్దపు మధ్యభాగాన రెండు ప్రసూతి విభాగాలు ఉండేవి. మొదటిదానిలో వైద్యవిద్యార్థులు, రెండోదానిలో మంత్రసానులు శిక్షణ పొందేవారు. 1846లో మొదటి విభాగంలో ప్రసూతి మరణాలు సుమారు 11.4 శాతం, రెండోదానిలో 2.8 శాతం. ఈ తేడా నగరంలో అందరికీ తెలుసు. మొదటి విభాగంలో చేర్చవద్దని గర్భిణులు మోకరిల్లి వేడుకునేవారని, దానికంటె వీధిలో ప్రసవించడమే మేలనుకునేవారని సెమ్మెల్‌వైస్ స్వయంగా నమోదు చేశాడు.

హంగేరీకి చెందిన ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అక్కడ సహాయకవైద్యుడు. గాలి కారణమైతే పక్కపక్కనే ఉన్న రెండు విభాగాలకూ ఒకే గాలి కదా అన్నది ఆయన మొదటి సందేహం. 1847 మార్చిలో ఆయన మిత్రుడు, న్యాయవైద్య ఆచార్యుడు యాకోబ్ కొల్లెచ్కా శవపరీక్ష చేస్తుండగా ఒక విద్యార్థి కత్తి తగిలి గాయపడి మరణించాడు. ఆయన శరీరంలో కనిపించిన వికారాలు ప్రసూతి జ్వరంతో చనిపోయిన స్త్రీలలో కనిపించినవాటినే పోలి ఉన్నాయి. విద్యార్థులు ఉదయం శవాలను కోసి, అక్కడినుంచి నేరుగా గర్భిణులను పరీక్షించడానికి వచ్చేవారు. చేతులు సబ్బుతో కడుక్కునేవారు కూడా. అయినా చేతులకు శవగంధం మిగిలేది.

సెమ్మెల్‌వైస్ ఎంపిక ఇక్కడ జరిగింది. సబ్బు తొలగించలేని ఆ గంధాన్ని తొలగించేది ఏదో అదే శవకణాలను కూడా నాశనం చేస్తుందని ఆయన తర్కించాడు. మొదట క్లోరిన్ ద్రావణాన్ని, తరువాత ఖర్చు తక్కువని క్లోరినేటెడ్ సున్నాన్ని నిర్ణయించాడు. 1847 మే నెల మధ్య నుంచి విభాగంలో ప్రవేశించేముందు చేతులు అందులో కడుక్కోవడం తప్పనిసరి అయింది. ఏప్రిల్‌లో 18.3 శాతంగా ఉన్న మరణాలు జూన్‌లో 2.2 శాతానికి, జూలైలో 1.2 శాతానికి దిగాయి. సూక్ష్మజీవి అన్న ఊహే లేని మనిషి, వాసన అన్న లొసుగు ఆధారంతో, నేటి దృష్టితో చూసినా సమర్థమైన రసాయనాన్నే పట్టుకున్నాడు.

ఆయన ప్రత్యేకత వాసన దగ్గర ఆగకుండా లెక్క దగ్గరకు వెళ్ళడంలో ఉంది. 1847 అక్టోబరులో గర్భాశయ క్యాన్సరుతో స్రావాలున్న ఒక స్త్రీని వరుసలో మొదట పరీక్షించారు; తరువాత పరీక్షించిన 12 మందిలో 11 మంది మరణించారు. శవం నుంచే కాదు, బ్రతికి ఉన్న రోగి నుంచి కూడా హాని రావచ్చునని దానితో గ్రహించి, ప్రతి రోగికీ మధ్య చేతులు కడగాలని నియమం మార్చాడు. 1848లో మొదటి విభాగపు మరణాలు 1.27 శాతం మాత్రమే. ఇంత స్పష్టమైన పట్టిక ఉన్నా సమకాలికులలో అధికులు అంగీకరించలేదు. తమ చేతులే తల్లుల మరణానికి కారణమని ఒప్పుకోవడం వైద్యులకు కష్టమైందన్నది తరచుగా చెప్పే కారణం. దానితో పాటు ఆయన ప్రచురణలో చేసిన ఆలస్యాన్ని కూడా లెక్కించాలి. ఆయన గ్రంథం వెలువడింది 1861లో – ప్రయోగం జరిగిన 14 సంవత్సరాలకు. మన పరిశోధన రంగంలో సమాచారం చేతిలో ఉంచుకుని దశాబ్దాలు గడిపేవారికి ఇది గుర్తుండదగిన అంకె.

సెమ్మెల్‌వైస్ 1865 ఆగస్టు 13న వియన్నా సమీపంలోని మానసిక చికిత్సాలయంలో, 47వ ఏట మరణించాడు.

4. కార్లైల్ మురుగు, గ్లాస్గో గాయం

దానికి సరిగ్గా ఒకరోజు ముందు, 1865 ఆగస్టు 12న, గ్లాస్గో రాయల్ ఇన్ఫర్మరీలో జోసెఫ్ లిస్టర్ 11 సంవత్సరాల బాలుడి విరిగిన కాలి గాయానికి కార్బాలిక్ ఆమ్లంతో తడిపిన గుడ్డ కట్టాడు. ఎముక చర్మాన్ని చీల్చుకువచ్చిన గాయాలకు ఆనాడు సాధారణంగా కాలు తీసివేయడమో, మరణమో గతి. జేమ్స్ గ్రీన్లీస్ అనే ఆ బాలుడి గాయం కుళ్ళకుండా మానింది. 1867లో లిస్టర్ తన ఫలితాలను లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు.

కార్బాలిక్ ఆమ్లాన్ని 1834లో రుంగె అనే జర్మన్ రసాయనవేత్త రాతిబొగ్గు తారు నుంచి వేరుచేశాడు. లిస్టర్ దృష్టికి అది వచ్చిన మార్గం గమనించదగినది. ఇంగ్లండులోని కార్లైల్ పట్టణంలో మురుగునీటిని పొలాలకు పారించేముందు ఆ ఆమ్లాన్ని కలిపారు. దుర్వాసన పోయింది, ఆ పచ్చికబయళ్ళలో మేసే పశువులకు వచ్చే పరాన్నజీవి రోగమూ తగ్గింది. అంటే ఇక్కడ కూడా దారి చూపింది ముక్కే. అయితే సెమ్మెల్‌వైస్‌కు లేని ఒక సిద్ధాంతం లిస్టర్‌కు ఉంది. కుళ్ళు గాలి వల్ల కాదు, గాలిలోని జీవుల వల్ల అని పాశ్చర్ అప్పటికి నిరూపించాడు.

గాలిలోని జీవులను చంపాలన్న ఉత్సాహంతో లిస్టర్ 1871 ప్రాంతంలో శస్త్రచికిత్స గదిలో కార్బాలిక్ తుంపరను చల్లే యంత్రాన్ని ప్రవేశపెట్టాడు. వైద్యులు, రోగులు, నర్సులు అందరూ ఆ తుంపరలో తడిసేవారు. ప్రమాదం గాలికంటె చేతుల్లో, పరికరాల్లో ఎక్కువగా ఉందని తేలాక ఆయన దానిని వదిలివేసి, 1890లో బెర్లిన్ వైద్య మహాసభలో ఆ పద్ధతిని సిఫారసు చేసినందుకు సిగ్గుపడుతున్నానని బహిరంగంగా ప్రకటించాడు. 2020లో మన మార్కెట్ల ముందు వెలసిన క్రిమినాశక సొరంగాలను ఈ సందర్భంలో స్మరించక తప్పదు. మనుషుల మీద రసాయనాలు చల్లడం నిష్ఫలమనీ, హానికరమనీ 2020 ఏప్రిల్‌లోనే కేంద్ర ఆరోగ్యశాఖ సూచించింది. నవంబరులో సుప్రీంకోర్టు వాటిని నిషేధించవలసిందిగా కేంద్రాన్ని ఆదేశించింది. లిస్టర్ విడిచిన తుంపర 130 సంవత్సరాల తరువాత మన మీద కురిసింది.

ఈ రసాయనాలు చేతులకు చేసే హాని మరొక ఆవిష్కరణకు దారితీసింది. జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో మెర్క్యూరిక్ క్లోరైడ్ వల్ల నర్సు కరోలిన్ హాంప్టన్ చేతుల చర్మం దెబ్బతినగా, శస్త్రవైద్యుడు హాల్‌స్టెడ్ ఆమె కోసం పలుచని రబ్బరు తొడుగులు చేయించాడు. తరువాత వారు వివాహం చేసుకున్నారు. శస్త్రచికిత్స తొడుగుల చరిత్ర ఒక రసాయనపు దుష్ఫలితం నుంచి మొదలైందన్నది మాత్రమే ఇక్కడ ప్రస్తుతం.

5. చంపడం వేరు, ఆపడం వేరు

రాబర్ట్ కోఖ్ 1881లో క్రిమినాశనం గురించి ప్రచురించిన పరిశోధన ఈ చరిత్రను రెండుగా విభజిస్తుంది. ఆయన ఆంత్రాక్స్ సిద్ధబీజాలను పట్టుదారాలకు ఎండబెట్టి అంటించి, ఆ దారాలను వేరువేరు ద్రావణాల్లో నిర్ణీత సమయం ఉంచి, తీసి, పోషక మాధ్యమంలో వేసి, ఏవైనా పెరుగుతాయా అని చూశాడు. పద్ధతి ఇంతే. దాని ఫలితం మాత్రం అప్పటి వైద్యరంగాన్ని ఇబ్బంది పెట్టేదే. శస్త్రవైద్యులు నమ్మకంతో వాడుతున్న కార్బాలిక్ నూనె సిద్ధబీజాలను ఏమీ చేయలేదు. ఆల్కహాల్‌లో అవి నెలల తరబడి చెక్కుచెదరలేదు. మెర్క్యూరిక్ క్లోరైడ్ అతి పలుచని ద్రావణంలో కూడా పనిచేసింది. అన్నిటికంటె ముఖ్యంగా, సూక్ష్మజీవి పెరుగుదలను ఆపడం వేరనీ, దానిని చంపడం వేరనీ ఆయన స్పష్టంగా విడదీశాడు.

ఎనిమిదేళ్ళకు గెపెర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త కోఖ్ పద్ధతిలోనే ఒక లోపాన్ని పట్టుకున్నాడు. పట్టుదారానికి అంటుకున్న పాదరస లవణం మాధ్యమంలోకి వచ్చి బీజాలను ఎదగనివ్వడం లేదు. అవి చావలేదు, ఆగాయి. అమోనియం సల్ఫైడుతో ఆ లవణాన్ని నిర్వీర్యం చేయగానే మళ్ళీ మొలకెత్తాయి. కోఖ్ చెప్పిన భేదాన్నే కోఖ్ మీద ప్రయోగించి గెపెర్ట్ దానిని మరింత బలపరిచాడని చెప్పవచ్చు. క్రిమినాశిని పరీక్షలలో నిర్వీర్యకారకాన్ని కలపడం నేటికీ తప్పనిసరి నియమం.

1903లో రిడియల్, వాకర్ అనే ఇద్దరు ఆంగ్లేయులు ఒక కొలబద్దను ప్రతిపాదించారు. టైఫాయిడ్ బాక్టీరియాను నిర్ణీత నిమిషాలలో చంపడానికి ఒక మందును ఎంత పలుచన చేయవచ్చో చూసి, దానిని కార్బాలిక్ ఆమ్లంతో పోల్చి అంకె ఇచ్చారు. మందు అయిదు రెట్లు పలుచన చేసినా కార్బాలిక్‌తో సమానంగా పనిచేస్తే దాని గుణకం 5. ఫినాయిల్ డబ్బా మీద ఆర్.డబ్ల్యు.సి. అన్న అక్షరాలు, పక్కన ఒక అంకె కనిపిస్తాయి. మన ఇళ్ళలో దశాబ్దాలుగా ఉన్న ఆ డబ్బా మీది ఆ అంకె అర్థం ఇదే. ఫినాయిల్ నాణ్యతకు భారతీయ ప్రమాణాలు నేటికీ ఆ గుణకాన్నే ఆధారం చేసుకుంటాయి. కొనేవారు మాత్రం మూత తీసి వాసన చూస్తారు.

ఈ కొలబద్దకూ ఒక బలహీనత ఉంది. పరీక్షలో బాక్టీరియా శుభ్రమైన నీటిలో ఉంటుంది. మరుగుదొడ్డి నేల అలా ఉండదు. లండన్‌లోని లిస్టర్ సంస్థలో పనిచేసిన హారియెట్ చిక్, చార్లెస్ మార్టిన్ 1908లో పరీక్షా ద్రావణంలో ఎండబెట్టి పొడిచేసిన మానవ మలాన్ని కలిపారు. శుభ్రమైన నీటిలో ఘనంగా కనిపించిన మందులు చాలావరకు బలం కోల్పోయాయి. మురికి మందును తినివేస్తుంది కనుక ముందు కడగాలి, తరువాతనే మందు వేయాలన్న నియమానికి ప్రయోగాత్మకమైన పునాది ఇక్కడ పడింది. అదే సంవత్సరం చిక్ మరొక విషయం చూపింది: సూక్ష్మజీవులు మందు తగలగానే ఒక్కసారిగా చావవు, సమయంతో పాటు ఒక క్రమమైన నిష్పత్తిలో తగ్గుతాయి. సీసా మీది 99.9 శాతం అన్న అంకె ఈ దృష్టి నుంచి వచ్చిందే. పది లక్షల బాక్టీరియాలో 99.9 శాతం చస్తే వెయ్యి మిగులుతాయి. ఆ అంకె ఏ జీవి మీద, ఎన్ని నిమిషాలకు, మురికి ఉన్నప్పుడా లేనప్పుడా అన్నవి చెప్పకపోతే దానికి శాస్త్రీయమైన విలువ లేదు.

6. ప్లేగు: సరైన మందు, తప్పు మార్గం

1896 సెప్టెంబరులో బొంబాయి మాండ్వీ ప్రాంతంలో డాక్టర్ అకాసియో వియేగస్ ప్లేగును గుర్తించాడు. మరుసటి ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టం వచ్చింది. కాలువల్లో కార్బాలిక్ కలిపిన నీరు పారించారు. ఇళ్ళ గోడలను మెర్క్యూరిక్ క్లోరైడుతో కడిగి సున్నం వేశారు. పరుపులు, బట్టలు తగలబెట్టారు. ఐరోపా ప్రయోగశాలల్లో పదిహేనేళ్ళుగా పరీక్షించిన మందులే ఇవి. ప్లేగు బాక్టీరియాను చంపగలవు కూడా. అయినా వ్యాధి ఆగలేదు. అది ఎలుకల మీది ఈగుల ద్వారా వస్తుందని 1898లో కరాచీలో పాల్-లూయీ సిమోన్ చూపాడు. దానిని భారత ప్లేగు పరిశోధన సంఘం ధ్రువీకరించేసరికి మరి కొన్ని సంవత్సరాలు పట్టింది.

బలవంతపు తనిఖీలు, స్త్రీల పట్ల అమర్యాద, 1897 జూన్‌లో పుణెలో ప్లేగు అధికారి రాండ్ హత్య – ఈ చరిత్ర సుపరిచితం. మన విషయానికి సంబంధించిన అంశం వేరు. రసాయనం ఎంత శక్తిమంతమైనా రోగం ప్రయాణించే మార్గం తెలియకపోతే అది గోడల మీదే వృథా అవుతుంది. హైదరాబాదు నగరాన్ని 1911లో ప్లేగు తాకినప్పుడు, ఆ మరుసటి సంవత్సరం ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకువాడల తొలగింపు, వీధుల విస్తరణల వైపు వెళ్ళింది. 1897 నాటి చట్టం కిందనే 2020లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు కోవిడ్ నియమావళులను జారీచేశాయన్నది కూడా గుర్తించాలి. కోవిడ్ ప్రధానంగా శ్వాస ద్వారా వ్యాపిస్తుందని స్పష్టమయ్యేదాకా కూరగాయలను, పాలప్యాకెట్లను, తలుపు గొళ్ళేలను తుడిచిన శ్రమలో ప్లేగు కాలపు గోడల జాడ కనిపిస్తుంది.

7. నీరు కలిసిన ఆల్కహాల్

కోఖ్ ఫలితాల తరువాత ఆల్కహాల్ పరువు కొంతకాలం తగ్గింది. సిద్ధబీజాలను చంపలేదన్నది నిజమే. అయితే చేతుల మీద ఉండే బాక్టీరియా అధికభాగం సిద్ధబీజాలు కాదు. 1903లో బోస్టన్‌కు చెందిన హారింగ్టన్, వాకర్ ఆల్కహాల్‌ను వివిధ గాఢతలలో పరీక్షించి, 60 నుంచి 70 శాతం ఉన్నది అన్నిటికంటె బాగా పనిచేస్తుందని చూపారు. స్వచ్ఛమైన ఆల్కహాల్ పొడిగా ఉన్న బాక్టీరియా మీద బలహీనం. సూక్ష్మజీవి ప్రోటీన్ల నిర్మాణాన్ని చెదరగొట్టడానికి నీరు అవసరం. ఎంత చిక్కగా ఉంటే అంత మంచిదన్న వాడుక తర్కం ఇక్కడ పనిచేయదు. 2020లో 95 శాతం ఆల్కహాల్ కోసం వెదికినవారికి ఈ నూట పదిహేడేళ్ళ నాటి ఫలితం చేరలేదు.

హ్యాండ్ శానిటైజర్‌ను 1966లో కాలిఫోర్నియాకు చెందిన లూపె హెర్నాండెజ్ అనే నర్సింగు విద్యార్థిని కనిపెట్టిందన్న కథ తెలుగు పత్రికల్లో, సామాజిక మాధ్యమాల్లో విరివిగా వచ్చింది. పేటెంటు కోసం, ఆ వ్యక్తి కోసం వెదికిన చరిత్రకారులకు ఏ ఆధారమూ దొరకలేదు. కథ అందమైనదే కాని, ఆధారం లేని పేరును పాఠ్యాంశాల్లోకి తీసుకోవడం తగదు. జర్మనీలో స్టెరిలియం 1965 నుంచే అమ్మకంలో ఉంది. అమెరికాలో ప్యూరెల్ 1988లో వచ్చింది.

శానిటైజర్‌ను ఆసుపత్రి వ్యవస్థలో నిలబెట్టినవారిలో ప్రముఖుడు జెనీవాకు చెందిన వైద్యుడు దిదియే పితే. అక్కడి విశ్వవిద్యాలయ ఆసుపత్రులలో సిబ్బంది పడకల పక్కనే ఆల్కహాల్ ద్రావణం ఉంచి, గోడపత్రికలతో ప్రచారం చేశారు. 1994లో 48 శాతం సందర్భాలలో మాత్రమే చేతులు శుభ్రం చేసుకుంటున్న సిబ్బంది 1997 నాటికి 66 శాతానికి చేరారు. ఆసుపత్రిలో సంక్రమించే వ్యాధులు 16.9 శాతం నుంచి 9.9 శాతానికి తగ్గాయి. ఇందులో రసాయనం పాత్ర ఎంతో సమయం పాత్ర అంత. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సబ్బు, నీటితో సక్రమంగా కడగడానికి 40 నుంచి 60 సెకన్లు, ఆల్కహాల్‌తో రుద్దుకోవడానికి 20 నుంచి 30 సెకన్లు పడుతుంది. పడక నుంచి పడకకు పరుగెత్తే నర్సుకు ఆ అరనిమిషమే ముఖ్యం. ఆ సంస్థ 2009లో ప్రకటించిన మిశ్రమాలలో ఒకదానిలో ఇథనాల్ 80 శాతం, గ్లిసరాల్ 1.45 శాతం, హైడ్రోజన్ పెరాక్సైడ్ 0.125 శాతం. చివరిది చేతుల మీది క్రిములకు కాదు. సీసాలోకి పొరపాటున వచ్చిన సిద్ధబీజాలను నశింపజేయడానికి. 1881లో ఆల్కహాల్‌లో చావని బీజాలకు 2009లో దొరికిన జవాబు అది.

అందువల్ల నీరు, సబ్బు ఉన్న ఇంట్లో శానిటైజర్ రెండో ఎంపికే. మట్టి, జిడ్డు అంటిన చేతుల మీద అది బలహీనం. విరేచనాలు కలిగించే నోరోవైరస్ వంటి కొవ్వు పొర లేని వైరస్‌లు ఆల్కహాల్‌ను కొంతవరకు తట్టుకుంటాయి. సబ్బు వాటిని చంపదు, చేతుల మీదినుంచి కడిగివేస్తుంది. కరోనా వైరస్‌కు కొవ్వు పొర ఉంది కనుక సబ్బుకూ, ఆల్కహాల్‌కూ రెండింటికీ లొంగింది.

8. తడి ఆరేదాకా

క్రిమినాశక వైప్స్ లేదా తడి తుడుపు గుడ్డలలో సాధారణంగా ఉండేవి క్వాటర్నరీ అమోనియం లవణాలు. వీటి క్రిమినాశక శక్తిని 1935లో జర్మనీకి చెందిన గెర్హార్డ్ డోమాక్ వెలుగులోకి తెచ్చాడు. వాసన తక్కువ, లోహాన్ని తినవు, చర్మానికి కార్బాలిక్ అంత హాని చేయవు. అయితే నూలు గుడ్డ ఈ లవణాన్ని తనలోనే పట్టి ఉంచుకుంటుంది. బకెట్‌లో సరైన గాఢతలో కలిపిన మందు గుడ్డలోంచి బల్ల మీదకు పలుచనై వస్తుంది. పైగా తుడిచిన తలం చీటీ మీద రాసిన నిమిషాలపాటు తడిగా ఉండాలి. ఒకే గుడ్డతో బల్ల, తలుపు, మీట వరుసగా తుడుచుకుంటూ పోతే మొదటిచోటి బాక్టీరియా మూడోచోటికి చేరే అవకాశం ఉంది. తుడవగానే ఆరిపోయి మెరిసే బల్ల మన కంటికి శుభ్రమే. చిక్ చెప్పిన సమయం అక్కడ లేదు.

9. ‘క్రిమి’ అన్న పదం

తెలుగులో ‘క్రిమి’ మొదట పురుగు. నిఘంటువులు ఆ అర్థాన్నే ముందు ఇస్తాయి. ఇరవయ్యో శతాబ్దంలో శాస్త్రగ్రంథాలు తెలుగులోకి వచ్చే క్రమంలో – 1906లో ఏర్పడిన విజ్ఞానచంద్రికా మండలి కృషిని ఇక్కడ తలచుకోవాలి – కంటికి కనిపించని జీవికి కూడా ఆ పదమే విస్తరించింది. ఫలితంగా నేడు ‘క్రిమిసంహారక మందు’ అంటే పత్తిచేనుకు కొట్టేదీ, ఆసుపత్రి నేల తుడిచేదీ కూడా. తరగతిలో ‘క్రిమి’ అంటే ఏమిటని అడిగితే విద్యార్థులు గొంగళిపురుగునూ బాక్టీరియానూ కలిపి చెబుతారు. వైరస్, బాక్టీరియా, సిద్ధబీజం అన్న భేదం ఆ పదంలో ఇమడదు. మందును ఎంచుకోవడానికి అవసరమైనది ఆ భేదమే.

అదేవిధంగా కడగడం, క్రిమిరహితం చేయడం, సూక్ష్మజీవులను సమూలంగా నిర్మూలించడం అన్న మూడు వేరువేరు క్రియలను వాడుకలో ‘శుభ్రం చేయడం’ అన్న ఒక్క మాటతో సరిపెడుతున్నాం. ఆసుపత్రి పరికరాలకు 1957లో స్పాల్డింగ్ చేసిన వర్గీకరణ పూర్తిగా ఈ భేదం మీద ఆధారపడి ఉంది: దేహంలోపలికి వెళ్ళే కత్తికి నిర్మూలన, చర్మాన్ని మాత్రమే తాకే మంచానికి సాధారణ శుద్ధి.

పదం అస్పష్టంగా ఉంటే నష్టం భాషకే పరిమితం కాదు. 2020 జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దుకాణాలు మూతపడిన సమయంలో శానిటైజర్ తాగి పదిమందికి పైగా మరణించారు. వారి వ్యసనం, పేదరికం, నియంత్రణల గురించి చర్చ జరిగింది. సీసా మీది భాష గురించి జరగలేదు. శానిటైజర్ సీసాల మీద ప్రముఖంగా కనిపించిన మాట ‘ఆల్కహాల్’. అది వాడుకలో మద్యానికి పేరు. ఇథనాల్ ఉన్న శానిటైజర్ కూడా తాగదగినది కాదు. అదే కుటుంబానికి చెందిన మిథనాల్ చూపును, ప్రాణాన్ని తీస్తుంది. ఆ సంవత్సరమే జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మిథనాల్ కలిసిన శానిటైజర్ల గురించి హెచ్చరించింది. తెలుగు లిపిలో ఇథనాల్‌కు, మిథనాల్‌కు మధ్య తేడా మొదటి అక్షరమే. ‘విషం, తాగరాదు’ అన్న మాట ఆ అక్షరంకంటె పెద్దదిగా, తెలుగులో, సీసా ముందు భాగాన ఉండాలన్నది ఔషధ నియమాల్లో చేరవలసిన అంశం. ‘క్రిమినాశిని’, ‘సూక్ష్మజీవనాశిని’, ‘పురుగుమందు’ – ఈ మూడింటినీ వేరువేరు ఆరోపాలుగా ఇచ్చి, ఒక్కొక్కటి దేని మీద పనిచేస్తుందో చెప్పే పరిభాషా నిఘంటువు తయారుచేయడం తెలుగు శాఖలు, సూక్ష్మజీవశాస్త్ర శాఖలు కలిసి చేయగల పని. రెండు శాఖలూ ఉన్న కళాశాలలు ఉభయ రాష్ట్రాలలోనూ అనేకం ఉన్నాయి.